పాత బండికి కొత్త పూచీ

ఇంటి ముందు కారు నిలిచి ఉండడం ఒకప్పుడు జాగీర్దార్లకూ, వకీళ్లకూ, పెద్ద డాక్టర్లకూ మాత్రమే చెల్లిన వైభవం. నేడు మన బసవకళ్యాణ్‌లో ఉపాధ్యాయులూ, గుమాస్తాలూ, కిరాణా వర్తకులూ కూడ చిన్నదో పెద్దదో ఒక బండిని వాకిట్లో నిలుపుకుంటున్నారు. దీనికి కారణం డాంబికం అనుకోనక్కర లేదు. బీదరు వెళ్లాలన్నా, కల్బుర్గి వెళ్లాలన్నా ఎనభై కిలోమీటర్ల మాట. హైదరాబాదు నూట డెబ్బై, ఎనభై కిలోమీటర్లు. మన తాతల నాటికి ఇది హైదరాబాదు సంస్థానం. 1956లో బీదరు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దులు మారినా మన చుట్టరికాలు, పెండ్లి సంబంధాలు, పెద్ద ఆసుపత్రులు అన్నీ ఆ దిక్కునే ఉండిపోయాయి. కనుక బండి మనకు అవసరమైంది.

అయితే మన కుటుంబాలలో చాలామంది కొన్నది ఒక చేయి మారిన బండి. లేదా కొత్తగా కొన్నదైనా ఇప్పటికి ఆరేడేళ్ల వయసు వచ్చిన బండి. సరిగా ఇట్టి యజమానులకే ఈ మధ్య తరచుగా టెలిఫోను వస్తూ ఉంటుంది. "మీ బండి వారంటీ ముగియబోతున్నది. ఈ నెలాఖరులోగా ఇంత పైకం కడితే మరొక సంవత్సరం మరమ్మతుల పూచీ మాది" అని అవతలి గొంతు ఎంతో ఆప్యాయంగా చెబుతుంది. కట్టాలా, మానాలా? మన సంఘం సభ్యులలో నలుగురైదుగురు ఈ ప్రశ్న నన్ను అడిగారు. నేను ఇంజనీరును కాను. ఆఫీసులో బిల్లులూ వోచర్లూ సరిచూచే గుమాస్తాను. కాని ఆలోచించి చూస్తే ఈ ప్రశ్నలో ఇంజను పాలు తక్కువ. సగం కాగితం ప్రశ్న, సగం లెక్క ప్రశ్న. ఆ రెండింటితోనే మా వృత్తి అంతా గడుస్తుంది గనుక నాకు తెలిసినంత వరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

మన ఊరి పాత మాట

అమ్మినవాడు తన సరుకుకు ఎంతకాలం జవాబుదారీ వహించాలి అన్నది మన ఊరికి కొత్త ప్రశ్న కాదు. ఇది చాళుక్యుల రాజధానిగా ఉన్న రోజుల్లో, 1076 నుంచి 1126 వరకు ఏలిన ఆరవ విక్రమాదిత్యుని కాలంలో, విజ్ఞానేశ్వరుడు ఇక్కడ కూర్చుండి యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రచించాడు. ఆస్తి పంపకాల విషయంలో మన కోర్టులు వందల ఏళ్ల తరువాత కూడ ఆ గ్రంథాన్ని ప్రమాణంగా తీసుకున్నాయని అందరికీ తెలుసు. కాని అందులో క్రయవిక్రయాల ప్రకరణం కూడ ఉన్నదని కొద్దిమందికే తెలుసు.

కొన్న వస్తువును పరీక్షించుకోవడానికి ఆ స్మృతి గడువులు పెట్టింది. ఇనుముకు ఒక రోజు. పాడి పశువుకు మూడు రోజులు. బరువు మోసే ఎద్దు మొదలైన వాటికి ఐదు రోజులు. రత్నాలకు ఏడు రోజులు. విత్తనాలకు పది రోజులు. మనుష్యులను సైతం కొని అమ్మిన కాలం గనుక దాసదాసీలకు కూడ గడువులున్నాయి. ఆ పాడు సంగతి అలా ఉంచుదాం. ఈ గడువులు ఇలా వేరువేరుగా ఎందుకున్నాయో చూడండి. ఇనుము మంచిదో కాదో ఒక్క సుత్తి దెబ్బతో తెలుస్తుంది. పాడి ఆవు సంగతి మూడు పూటలు పితికితే బయటపడుతుంది. విత్తనం మొలకెత్తితే గాని గుట్టు తెలియదు. అనగా దాగి ఉన్న లోపం బయటపడడానికి ఎంతకాలం పడుతుందో అంతకాలం అమ్మినవాడు బాధ్యుడు. ఆ మీదట జరిగేది వస్తువు వయసు వల్లా, వాడుక వల్లా జరిగేది. దానికి కొన్నవాడే బాధ్యుడు.

ఈ ఒక్క సూత్రం మనసులో పెట్టుకుంటే నేటి వారంటీ కాగితాలు సగం అర్థమైనట్లే.

కొత్త బండి పూచీ, పాత బండి పూచీ

కొత్త కారుతో వచ్చే వారంటీ తయారీలోని లోపాలకు కంపెనీ వహించే పూచీ. దానికి వేరే ధర లేదు. కారు ధరలోనే కలిసి ఉంటుంది. ఉదాహరణకు మారుతీ సుజుకీ కంపెనీ ఇదివరకు 2 సంవత్సరాలు లేక 40,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది అని ఇచ్చేది. 2024 జూలై నుంచి అమ్మిన బండ్లకు దానిని 3 సంవత్సరాలు లేక 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. ఆపైన వేరే పైకం కట్టి, నాలుగు, ఐదు, ఆరు సంవత్సరాల దాకా పొడిగించుకునే వీలు కూడ కల్పించింది. ఈ పైకం కట్టి తీసుకునేదే పొడిగింపు వారంటీ, లేక ఎక్స్‌టెండెడ్ వారంటీ.

ఈ పొడిగింపు అమ్మేవారు మూడు తెగలు. మొదటివారు కారు చేసిన కంపెనీవారే. రెండవవారు పాత బండ్లు అమ్మే దుకాణదారులు. మూడవవారు కారు చేయక, అమ్మక, ఈ పూచీలను మాత్రమే అమ్ముకునే సంస్థలు. మొదటివారికి తమ పేరు నిలుపుకోవాలన్న ఆదుర్దా ఉంటుంది, దేశమంతటా వర్క్‌షాపులుంటాయి. రెండవ, మూడవ తెగలలో నిజాయితీపరులు లేరని కాదు గాని, పూచీ వ్రాసి ఇచ్చినవాడు రేపు ఉంటాడా అన్న ప్రశ్న అక్కడ తప్పక వేసుకోవాలి.

ఇక్కడొక చిక్కుంది. ఏడేళ్లు నడిచిన బండిలో తయారీ లోపాలు ఉంటే అవి చాలా వరకు ఈపాటికే బయటపడి ఉంటాయి. ఇక మిగిలింది ముసలితనం. క్లచ్ ప్లేట్లు అరగడం, బ్రేకు ప్యాడ్లు అరగడం, షాక్ అబ్జార్బర్లు కారడం, బుష్‌లు వదులు కావడం, రబ్బరు పైపులు పగలడం, బ్యాటరీ చావడం, పాత బండికి వచ్చే జబ్బులు ఇవి. పొడిగింపు వారంటీ కాగితంలో మొట్టమొదట మినహాయించేవి కూడ ఇవే. అరుగుదల వల్ల చెడినది మాకు సంబంధం లేదు అని ఆ కాగితం చెబుతుంది. కనుక బండి వయసు పెరిగే కొద్దీ కాగితం కాపాడే భాగం తగ్గుతుంది. కాగితం కాపాడని భాగం పెరుగుతుంది. కట్టవలసిన పైకం మాత్రం పెరుగుతూ పోతుంది.

బీమా వేరు, వారంటీ వేరు

మనవారిలో చాలామంది ఈ రెంటినీ కలిపివేస్తున్నారు. "బీమా కడుతున్నాం గదా, ఇంజను పోతే వాళ్లివ్వరా?" అంటారు. ఇవ్వరు. బీమా ప్రమాదాలకు, దొంగతనానికి, అగ్నికి, వరదకు. బండి తనంతట తాను చెడిపోతే, అరిగిపోతే బీమా వర్తించదు. ఇతరులకు కలిగే నష్టానికి చేయించే థర్డ్ పార్టీ బీమా 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. సొంత బండి నష్టానికి చేయించేది మన ఇష్టం.

పాత బండికి బీమా విలువ కూడ కరుగుతూ వస్తుంది. నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు బండికి సగం ధర తరుగు కింద పోతుంది. ఐదేళ్లు దాటితే కంపెనీ, యజమాని మాట్లాడుకుని విలువ నిర్ణయించుకోవాలి. ప్రమాదంలో విరిగిన రబ్బరు, ప్లాస్టిక్కు సామానుకు సగమే చెల్లిస్తారు. వానకాలంలో నీరు చొరబడి ఇంజను పట్టివేస్తే మామూలు పాలసీ ఆదుకోకపోవచ్చు. దానికి ఇంజను రక్షణ అనే అదనపు పద్దు వేరే ఉంది. దారిలో బండి ఆగితే వచ్చి లాక్కుపోయే సహాయం కూడ బీమాలోనే ఒక అదనపు పద్దుగా, సాధారణంగా కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. వారంటీ అమ్మేవారు ఈ దారి సహాయాన్నే పెద్ద వరంగా వర్ణిస్తూ ఉంటారు గనుక, అది మీ పాలసీలో ఇప్పటికే ఉన్నదేమో ముందుగా చూచుకోండి.

ఒక మాస్టారి లెక్క

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులున్నారు. పేరెందుకు, మాస్టారు అందాం. వారు హైదరాబాదులో ఒక పాత బండ్ల దుకాణంలో ఏడేళ్ల వయసున్న చిన్న పెట్రోలు కారు కొన్నారు. అప్పటికది 68,000 కిలోమీటర్లు తిరిగింది. ధర మూడు లక్షల అరవై వేలు. వారి భార్యకు మూత్రపిండాల జబ్బు. నెలకు రెండుసార్లు హైదరాబాదు ఆసుపత్రికి తీసుకుపోవాలి. బస్సులో అంతసేపు కూర్చోలేదామె. పెన్షనులో మిగిల్చినదీ, కొడుకు పంపినదీ కలిపి ఆ కారు కొన్నారు.

దుకాణదారు ఒక సంవత్సరం పూచీకి పన్నెండు వేలు అడిగాడు. దానిపై 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 14,160 రూపాయలు. పూనాలో ఉన్న కొడుకు "నాన్నా, కట్టెయ్యండి, నిశ్చింతగా ఉంటుంది" అన్నాడు. మాస్టారు నన్ను పిలిచి, "ఏం నాయనా, కట్టమంటావా?" అన్నారు. "కాగితం తెప్పించండి మాస్టారూ, మాట చెల్లదు, కాగితమే చెల్లుతుంది" అన్నాను.

కాగితం వచ్చింది. చిన్న అక్షరాల ఇంగ్లీషులో పదకొండు పేజీలు. ఇద్దరం కూర్చుండి చదివాము. సారాంశం ఇది. ఇంజను, గేరు బాక్సుల లోపలి భాగాలకు, ఏసీ కంప్రెసరుకు పూచీ ఉంది. ఎలక్ట్రానిక్ సామానుకు లేదు. అరిగే సామాను దేనికీ లేదు. మొదటి ముప్పై రోజుల్లో ఏమి చెడినా లేదు. ఏడాది మొత్తంలో అరవై వేలకు మించి ఇవ్వరు. ఇంజను వేడెక్కిన తరువాత కూడ నడిపి ఉంటే ఇవ్వరు. నిర్ణీత కాలానికి సర్వీసు చేయించిన బిల్లులు లేకపోతే ఇవ్వరు. మరమ్మతు వారు చెప్పిన వర్క్‌షాపులోనే జరగాలి; అటువంటిది మనకు దగ్గరగా ఉన్నది హైదరాబాదులోనే. అనుమతి లేకుండా ఎవరైనా ఇంజను విప్పితే పూచీ రద్దు.

ఇక లెక్క. జాతీయ రహదారి దగ్గరి మన ఆటోనగర్‌లో ఇద్దరు మెకానిక్కులను అడిగితే, అటువంటి బండికి ఇంజను గాని గేరు బాక్సు గాని పెద్ద పని పడితే సుమారు నలభై వేలనీ, ఏసీ కంప్రెసరు పోతే సుమారు పద్దెనిమిది వేలనీ చెప్పారు. బండి చూచి, రెండూ ప్రస్తుతం బాగానే ఉన్నాయన్నారు. ఏడాదిలో ఒక్కొక్కటి చెడే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. ఇది ఊహే, కాని ఊహ లేకుండా ఏ బీమా లెక్కా జరగదు. నలభై వేలలో పదో వంతు నాలుగు వేలు. పద్దెనిమిది వేలలో పదో వంతు పద్దెనిమిది వందలు. మొత్తం 5,800. అనగా 5,800 రూపాయల విలువైన పూచీకి 14,160 అడుగుతున్నారు.

మరొక విధంగా చూద్దాం. నలభై వేల ఖర్చు ఒక్కటే లెక్కిస్తే, అది వచ్చే అవకాశం మూడింట ఒక వంతుకు మించితేనే 14,160 గిట్టుబాటు. అంత ప్రమాదంలో ఉన్న బండిని పూచీతో కొనడం కంటె అసలు కొనకుండా ఉండడమే మేలు గదా!

అమ్మేవాణ్ణి ఇందుకు తిట్టనక్కర లేదు. అతని గుమాస్తాల జీతాలు, ఏజెంటు కమీషను, అద్దె, పన్ను, లాభం అన్నీ ఆ పైకంలోనుంచే రావాలి. కనుక కట్టినవారందరినీ కలిపి చూస్తే, కట్టినదానికంటె తిరిగి వచ్చేది తక్కువగానే ఉంటుంది. బీమా కూడ అంతే. అయినా ఇంటికి అగ్ని బీమా ఎందుకు చేయిస్తాం? ఇల్లు కాలితే మళ్లీ కట్టుకోలేం గనుక. చెప్పు తెగితే కుట్టించుకుంటాము; దానికి బీమా చేయించము. మనం తట్టుకోలేని నష్టానికి పూచీ కొనాలి. తట్టుకోగల నష్టాన్ని మనమే భరించాలి. ప్రశ్నంతా నలభై వేల ఖర్చు మీ ఇంటికి ఇల్లు కాలడమా, చెప్పు తెగడమా అన్నదే. ఈ జవాబు ఇంటింటికీ మారుతుంది.

మాస్టారు ఇంకా తేల్చుకోలేకపోతున్నారు. 5,800 పోగా మిగిలిన ఎనిమిది వేల చిల్లర నిశ్చింతకు ధర అనుకోవచ్చు గదా అన్నారు. అది కొట్టివేయదగిన మాట కాదు. నిశ్చింతకు కూడ ధర ఉంది. ఎంతకు కొంటున్నామో తెలిసి కొంటే తప్పు లేదు. అప్పుడు లోపలి గదిలో మంచం మీద ఉన్న అమ్మగారు, "దారిలో బండి ఆగిపోతే ఆ కాగితం నన్ను ఆసుపత్రికి మోసుకుపోతుందా ఏమండీ?" అన్నారు.

ఆ మాటతో విషయం తేలిపోయింది. వారికి కావలసింది చెడిన తరువాత పైకం ఇచ్చే కాగితం కాదు. జహీరాబాదు దగ్గర నడి ఎండలో ఆగిపోని బండి. అందుకు మార్గం వేరే ఉంది. మాస్టారు ఆటోనగర్‌లో బండిని ఒక పూటంతా పరీక్ష చేయించారు. కొత్త బ్యాటరీ, ఫ్యాను బెల్టు, రేడియేటరు పైపులు, కూలెంటు, ముందు బ్రేకు ప్యాడ్లు వేయించారు. అన్నీ కలిపి పదకొండు వేల చిల్లర అయింది. బీమా పాలసీలో దారి సహాయం చేర్పించారు. ఆ పైన నెలకు 1,180 రూపాయల చొప్పున, అనగా ఏడాదికి సరిగా ఆ 14,160, బ్యాంకులో రికరింగ్ డిపాజిట్టు మొదలుపెట్టారు. దానికి వారింట్లో "బండి హుండీ" అని పేరు.

ఎనిమిదవ నెలలో ఏసీ కండెన్సరు కారింది. ఆరు వేల ఐదు వందలు అయింది. హుండీలోనుంచి ఇచ్చారు. ఆ పదకొండు పేజీల కాగితంలో కంప్రెసరు ఉన్నది గాని కండెన్సరు లేదు. సంవత్సరాంతానికి మిగిలిన సొమ్ము రెండవ సంవత్సరానికి జమ అయింది. మరుసటి ఏడు ఇంజనే పోవచ్చు, ఎవరు చెప్పగలరు? అయినా ఆ ఖర్చుకు సగమైనా ఇంట్లో ఉంటుంది.

ఎవరు కట్టాలి?

ఇంత చెప్పినందున అందరూ మానవలసిందే అని నా అభిప్రాయం కాదు. మన సభ్యులొకరి తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగి. మూడేళ్ల క్రితం కొత్తగా కొన్న ఆటోమేటిక్ గేర్ల టర్బో కారు. ఏడాదికి పాతిక వేల కిలోమీటర్లు తిరుగుతాడు. సర్వీసులన్నీ కంపెనీ వర్క్‌షాపులోనే జరిగాయి. అది ఇంటికి రెండు కిలోమీటర్లు. కారు చేసిన కంపెనీయే పూచీ పొడిగిస్తానంటున్నది. ఎలక్ట్రానిక్ సామాను కూడ కలిపి. ఆ గేరు బాక్సుకు పని పడితే ఖర్చు లక్ష దాటుతుందని అక్కడి వర్క్‌షాపువారే చెప్పారు; ఇంటి అప్పు వాయిదాలు కడుతున్న అతనికి అది మోయలేని బరువు. అతను కట్టాడు, కట్టడమే న్యాయం.

ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. బండి వయసు, యంత్రం ఎంత చిక్కుగా ఉన్నది, పూచీ ఇచ్చేదెవరు, వర్క్‌షాపు ఎంత దూరం, పెద్ద ఖర్చు వస్తే ఇంట్లో ఏమి జరుగుతుంది, ఈ ఐదే నిర్ణయానికి ఆధారాలు. టెలిఫోనులో చెప్పే నెలాఖరు గడువు వీటిలో ఒకటి కాదు. అయితే కంపెనీ సొంత పొడిగింపు మాత్రం మామూలుగా పాత వారంటీ ముగియకముందే తీసుకోవాలి గనుక ఆ తేదీని గుర్తుంచుకోవడం అవసరం.

మెకానిక్కు దగ్గరకు పోతే పూచీ పోతుందా?

ఆటోనగర్‌లో లారీలకూ కార్లకూ చేయి తిరిగిన పనివాండ్రు ఉన్న ఊరు మనది. బయటి మెకానిక్కు చేయి పడితే వారంటీ రద్దు అని షోరూములవారు బెదిరిస్తుంటే మన ఊరివారికి సహజంగానే కోపం వస్తుంది. ఈ విషయంలో ఒక పెద్ద తీర్పు ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలనూ, లోపాలు కనిపెట్టే పరికరాలనూ బయటి మెకానిక్కులకు దొరకనీయడం లేదన్నది నేరం. బయటివారి చేత పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టరాదనీ, ఆ బయటి పని లోపం వల్ల కలిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చుననీ కమిషన్ చెప్పింది. దీనిపై అప్పీళ్లు నడిచాయి. 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పును ఖాయపరచి జరిమానా తగ్గించింది.

కాని ఈ తీర్పు మాటను పట్టుకుని పాత బండ్ల దుకాణదారుతో వాదానికి దిగవద్దు. పైకం కట్టి విడిగా కొన్న ఒప్పందంలో వారి వర్క్‌షాపులోనే చేయించాలని వ్రాసి ఉండి, మీరు దానిపై సంతకం చేసి ఉంటే చిక్కు చిక్కే. చేయించినది ఎక్కడైనా బిల్లు తీసుకోండి. బిల్లుపై తేదీ, కిలోమీటర్ల అంకె, వేసిన సామాను పేరు ఉండాలి. మన ఊళ్లో మెకానిక్కు చీటీ మీద వ్రాసి ఇచ్చే లెక్క తరువాత ఏ అధికారి ముందూ నిలవదు.

సముద్రాల అవతల

మన పిల్లలు అనేకులు అమెరికాలో ఉన్నారు. అక్కడ ఈ వ్యాపారం మహావృక్షమైంది. అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రజలకు చెప్పేదేమంటే, విడిగా పైకం కట్టి కొన్నది అసలు వారంటీయే కాదు, అది సర్వీసు కాంట్రాక్టు అని. 1975లో వచ్చిన వారంటీ చట్టం ప్రకారం ఫలానా కంపెనీ సామానే వాడితేనే వారంటీ అని షరతు పెట్టడం అక్కడ సామాన్యంగా చెల్లదు.

అటువంటి కాంట్రాక్టులను విరివిగా అమ్మిన యు.ఎస్. ఫిడెలిస్ అనే మిస్సోరీ రాష్ట్రపు సంస్థ 2010లో దివాలా తీసింది. పూచీ అమ్మిన సంస్థే కూలితే కొన్నవారి గతి ఏమిటన్న ప్రశ్నకు అదొక ఉదాహరణ. 2021లో మూడు నెలల వ్యవధిలో ఒకే ముఠా కారు వారంటీ పేరు చెప్పి యంత్రం ద్వారా ఐదు వందల కోట్లకు పైగా టెలిఫోను పిలుపులు చేసిందని అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ తేల్చి, 2023 ఆగస్టులో సుమారు ముప్పై కోట్ల డాలర్ల జరిమానా విధించింది. పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులు అటువంటి టెలిఫోను ఎత్తి, మర్యాదకు పోయి కార్డు నంబరు చెప్పకుండా ఉండడం మంచిది.

మన దేశంలో కూడ కంపెనీలు శాశ్వతం కావు. జనరల్ మోటార్స్ 2017తో ఇక్కడ కార్ల అమ్మకం మానింది. ఫోర్డు ఇక్కడి తయారీ ఆపివేస్తున్నట్లు 2021లో ప్రకటించింది. అమ్మిన బండ్లకు సర్వీసు కొనసాగిస్తామని ఇద్దరూ చెప్పారు. అది పెద్ద కంపెనీల పద్ధతి. ఒక గదిలో బోర్డు కట్టుకున్న దుకాణదారు నుంచి అంత ఆశించడం కష్టం.

సంతకానికి ముందు, పేచీకి తరువాత

సంతకం పెట్టే ముందు కొన్ని సంగతులు కాగితంలో వ్రాతపూర్వకంగా చూచుకోవాలి. ఏ భాగాలకు పూచీ అన్నది పేర్లతో ఉన్నదా? అన్నిటికీ అని నోటితో చెప్పి, జాబితాలో పన్నెండు వస్తువులే వ్రాసే ఆచారం ఉంది. ఒక్కసారికి ఎంత, ఏడాదికి ఎంత ఇస్తారు? కూలీ కూడ ఇస్తారా, సామాను ధర మాత్రమేనా? పూచీ ఏ తేదీన మొదలవుతుంది? వర్క్‌షాపు బీదరు జిల్లాలో ఉన్నదా? బండి అమ్మితే కొన్నవారికి మారుతుందా? మధ్యలో వద్దనుకుంటే ఎంత తిరిగి ఇస్తారు? ఈ ప్రశ్నలలో దేనికైనా "అదంతా చూచుకుందాం లెండి సార్" అన్న జవాబు వస్తే, పైకం జేబులోనే ఉంచుకోవచ్చు.

హైదరాబాదులో కొన్న బండి అయితే మరొక మాట. ఒక సంవత్సరానికి మించి ఇక్కడ ఉంచేటట్లయితే అక్కడి ఆర్.టి.ఓ. నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చి, కర్ణాటకలో పన్ను కట్టి మళ్లీ రిజిస్టరు చేయించాలి. బీమా మీ పేరుకు మార్చమని కొన్న పద్నాలుగు రోజులలో కోరాలి. పూచీ మాటలలో పడి ఈ పనులు మరచిపోయినవారు ఉన్నారు. పేరు మారని బండికి ప్రమాదం జరిగితే అప్పుడు ఏ పూచీ ఆదుకోదు.

పూచీ కొన్న తరువాత న్యాయమైన క్లెయిము నిరాకరిస్తే ఊరుకోనక్కర లేదు. కారణం వ్రాసి ఇమ్మని అడగండి. నోటిమాట నిరాకరణను ఒప్పుకోవద్దు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు టెలిఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే హక్కు ఉంది గనుక, అమ్మినవాడు హైదరాబాదులో ఉన్నా మన జిల్లా కమిషన్‌లో దాఖలు చేయవచ్చు. చెల్లించిన పైకం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. తగవు పుట్టిన రెండేళ్లలోగా దాఖలు చేయాలి. వకీలు తప్పనిసరి కాదు. కాని ఒప్పందం, రసీదు, సర్వీసు బిల్లులు, నిరాకరణ ఉత్తరం ఈ నాలుగూ ఒక ఫైలులో ఉండాలి. ఫైలు లేని న్యాయం ఏ ఆఫీసులోనూ కదలదని ఇరవై ఏళ్ల గుమాస్తాగిరీలో నేర్చుకున్నాను.

చివరిగా ఒక మనవి. ఎవరెంత తొందరపెట్టినా ఆ కాగితాన్ని కొన్ని రోజులు ఇంట్లో ఉంచుకోండి. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లల చేత చదివించుకోండి; ఇంటి ఇల్లాలిని కూడ ఒక మాట అడగండి. బరువు మోసే ఎద్దును పరీక్షించడానికి పూర్వులు ఐదు రోజుల గడువిచ్చారు. బండి మీద వ్రాసిన పూచీని పరీక్షించడానికి మనం కూడ కనీసం అన్ని రోజులైనా తీసుకోవచ్చు.